వరంగల్‌లో నూటయాభై గజాల లెక్క

హనుమకొండ నుంచి ఏ దిక్కు రోడ్డెక్కినా ఊరు దాటగానే వెంచర్ల జెండాలు కనిపిస్తాయి. హైదరాబాద్ హైవేలో మడికొండ, కరీంనగర్ రోడ్డులో హసన్‌పర్తి, ములుగు రోడ్డులో ఆరెపల్లి, ఖమ్మం రోడ్డులో మామునూరు. ఒక్కో దిక్కుకు ఒక్కో కథ. ఒకచోట ఎయిర్‌పోర్టు, ఒకచోట టెక్స్‌టైల్ పార్కు, ఇంకోచోట రింగు రోడ్డు, కాజీపేట పక్కన రైల్వే ఫ్యాక్టరీ. పదో పదిహేనో లక్షలు కూడబెట్టుకున్న టీచరుకు, భూపాలపల్లి గనుల్లో రిటైరైన సింగరేణి కార్మికుడికి, గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన జగిత్యాల మనిషికి ముందుగా వినిపించేది ఈ కథలే. "ఇప్పుడు కొనకపోతే ఇంకెప్పుడూ కొనలేరు సార్" అన్న మాట ఎలాగూ వెంటే వస్తుంది.

ఈ కథలన్నీ అబద్ధాలేమీ కావు. ఎప్పటికి పూర్తవుతాయో మాత్రం ఎవరూ చెప్పరు. కాజీపేట సంగతే తీసుకుంటే, 1980లలో ఇక్కడికి రావాల్సిన కోచ్ ఫ్యాక్టరీ పంజాబ్‌లోని కపుర్తలాకు తరలిపోయింది. 2014 నాటి రాష్ట్ర విభజన చట్టంలో, పరిశీలిస్తామన్న హామీగా మళ్లీ కనిపించింది. చివరికి 2023 జూలై 8న ప్రధాని వరంగల్ వచ్చి రైల్వే తయారీ యూనిట్‌కు శంకుస్థాపన చేశారు. మొదటి వార్తకూ శంకుస్థాపనకూ మధ్య దాదాపు నలభై ఏళ్లు. మామునూరులో నిజాం కాలం నాటి రన్‌వే ఉంది. శంషాబాద్ ఎయిర్‌పోర్టు ఒప్పందంలో 150 కిలోమీటర్ల లోపు మరో విమానాశ్రయం ఉండకూడదన్న షరతు ఏళ్ల తరబడి అడ్డుపడింది. 2025 ఫిబ్రవరి చివర్లో గానీ కేంద్రం నుంచి అనుమతి రాలేదు. గీసుగొండ, సంగెం వైపు కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017లో పునాదిరాయి పడింది. ఔటర్ రింగు రోడ్డు పేరుతో కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ, అదే అందరూ 'కుడా' అనే సంస్థ, 2022లో ల్యాండ్ పూలింగ్‌కు దిగితే రైతులు రోడ్డెక్కారు. ప్రభుత్వం ఆ నోటిఫికేషన్‌ను వెనక్కి తీసుకుంది.

ధర మాత్రం వార్త వచ్చిన వారంలోనే పెరుగుతుంది. పని పూర్తయ్యేదాకా ఎదురుచూసే బాధ్యత ఆ ధరకు కొన్నవాడిది. ఇరవై ఎకరాలున్న వ్యాపారి ఒక వెంచర్ ఆగితే ఇంకో వెంచర్‌తో గట్టెక్కుతాడు. చిన్న పెట్టుబడిదారుడి దగ్గర ఉండేది ఒకే ప్లాటు. బిడ్డ పెళ్లికో, ఆస్పత్రి ఖర్చుకో అమ్మాల్సి వస్తే ఆ నెలలోనే కొనేవాడు దొరకాలి. అందుకే జాగ చూడటానికి వెళ్లినప్పుడు 'ఎంత పెరుగుతుంది' అన్న ప్రశ్న కన్నా 'రేపు దీన్ని నా దగ్గర ఎవరు కొంటారు' అన్న ప్రశ్నే ముందు రావాలి. ఇల్లు కట్టుకునే కుటుంబం కొంటుందనుకుంటే ఆ జాగకు ఎప్పుడైనా గిరాకీ ఉంటుంది. మరో పెట్టుబడిదారుడే కొనాలి అనుకుంటే, వార్త చల్లారిన రోజున అతనూ కనిపించడు.

ఎంత పెరిగితే పెరిగినట్టు

"ఐదేళ్లలో గజానికి ఐదు వేలు పెరిగింది" అని చెప్పుకోవడం మనకు అలవాటు. మధ్యలో పోయిన ఖర్చు ఆ మాటలో ఉండదు. ఉదాహరణకు గజం పది వేల చొప్పున 150 గజాలు కొన్నారనుకుందాం. 15 లక్షలు. తెలంగాణలో 2021 జూలై నుంచి స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. పూర్తి ధరకు రిజిస్ట్రేషన్ చేయిస్తే 1,12,500 రూపాయలు. మధ్యవర్తికి ఒక శాతం ఇచ్చినా 15 వేలు. డాక్యుమెంట్ రైటర్, లాయర్ ఒపీనియన్, చుట్టూ కడీలు పాతించడం కలుపుకుంటే మొత్తం 16 లక్షల 40 వేలకు చేరుతుంది. ఇదే డబ్బు 7 శాతం వడ్డీకి బ్యాంకులో వేస్తే ఐదేళ్లకు 23 లక్షలు. అంటే గజం 15,300 పలికితే బ్యాంకు డిపాజిట్‌తో సమానమవుతుంది, అంతే. యాభై శాతానికి పైగా పెరిగినా అసలు లాభం ఇంకా మొదలు కాలేదన్నమాట. అమ్మేటప్పుడు ఇచ్చే కమీషన్, లాభం మీద పన్ను ఇందులో కలపలేదు. డిపాజిట్ వడ్డీకీ పన్ను ఉంటుంది కాబట్టి ఆ రెండూ కొంత సరిపోతాయి. అయితే డిపాజిట్‌ను సోమవారం తెంపితే సోమవారమే డబ్బు చేతికొస్తుంది. జాగకు ఆ సుఖం లేదు.

ఇక్కడ చాలామంది చేసే పని ఇంకొకటుంది. ప్రభుత్వ మార్కెట్ విలువకే డాక్యుమెంట్ రాయించి, మిగతాది నగదుగా ఇచ్చేస్తారు. స్టాంపు డ్యూటీ మిగిలిందని సంతోషం. కానీ పదిహేను లక్షలకు కొన్న జాగ కాగితం మీద ఆరు లక్షలే అయితే, రేపు పూర్తి చెక్కుతో కొనే ఉద్యోగికి అమ్మినప్పుడు తేడా అంతా లాభంగానే లెక్కకొస్తుంది. రెండేళ్లకు పైగా ఉంచుకున్న ఆస్తి మీద దీర్ఘకాలిక లాభపు పన్ను 2024 జూలై 23 నుంచి 12.5 శాతం. ఆ తేదీకి ముందు కొన్న స్థలాలు, ఇళ్లకైతే ద్రవ్యోల్బణం సర్దుబాటుతో 20 శాతం కట్టే పాత పద్ధతినీ ఎంచుకోవచ్చు. రాని లాభానికి పన్ను కట్టడం ఒక నష్టమైతే, స్థిరాస్తి అమ్మకంలో 20 వేల రూపాయలు, అంతకు మించి నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నేరుగా జరిమానాకు దారితీసే పని. తీసుకున్నంత మొత్తమూ జరిమానాగా పడొచ్చు. పైగా బ్యాంకు లోను ఇచ్చేటప్పుడు కాగితం మీద ధరనే చూస్తుంది.

బయానా మీద నడిచే వ్యాపారం

కొత్తగా దిగినవాళ్లను ఈ ప్రాంతంలో ఎక్కువగా ముంచేది ప్లాటు కూడా కాదు, బయానా, అంటే ముందుగా ఇచ్చే అడ్వాన్సు. పద్ధతి చూడటానికి చాలా సులువు. రైతు దగ్గర ఎకరం ఒక ధరకు మాట్లాడతారు. పదో పదిహేనో శాతం బయానా ఇచ్చి, మూడు నుంచి ఆరు నెలల గడువుతో అగ్రిమెంట్ రాసుకుంటారు. ఆ గడువులోపు ఎక్కువ ధరకు ఇంకో పార్టీని పట్టి, రిజిస్ట్రేషన్ నేరుగా వాళ్ల పేరున చేయిస్తారు. మధ్యలో మిగిలిందే లాభం. మార్కెట్ పరుగులు తీసినప్పుడు ఒకే ఎకరం రిజిస్ట్రేషన్ కాకుండానే ముగ్గురి చేతులు మారుతుంది. ఒక్కొక్కరూ పాత అగ్రిమెంట్ మీద కొత్త అగ్రిమెంట్ రాసుకుంటూ పోతారు.

ఈ గొలుసులో చివరి మనిషి డబ్బు తేలేకపోతే పైవాళ్లందరికీ టెన్షన్ మొదలవుతుంది. గడువు దాటితే బయానా పోయినట్టేనని రైతు అంటాడు, అగ్రిమెంట్‌లో రాసుకున్నదీ అదే. నాలుగు లక్షలు బయానా ఇచ్చినవాడు దాన్ని కాపాడుకోవడానికి మిగతా సొమ్ము నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తాడు. నెలకు రెండంటే ఏడాదికి 24 శాతం. అంత వేగంగా పెరిగే భూమి ఏ రోడ్డులోనూ లేదు. సొంత డబ్బుతో రిజిస్ట్రేషన్ చేయించుకునే స్తోమత ఉన్నప్పుడే బయానా ఇవ్వాలి. మధ్యలో మంచి పార్టీ దొరికితే అది అదనం.

ఇదే దారిలో ఇంకో రెండు రకాలున్నాయి. నలుగురు దోస్తులు తలా ఐదు లక్షలు వేసి అరెకరం కొంటారు, కాగితం మాత్రం ఒకరి పేరు మీదే. ముగ్గురి వాటా నోటిమాట. పేరున్నవాడు కాలం చేస్తే వారసులకు ఆ నోటిమాటతో పనిలేదు, బ్యాంకు అప్పుకు ఆ భూమి జప్తు అయినా ముగ్గురూ బయటివాళ్లే. నలుగురి పేర్లూ డాక్యుమెంట్‌లో ఉండటానికి అయ్యే అదనపు ఖర్చు ఏమీ లేదు, నలుగురూ ఒకే రోజు సెలవు పెట్టుకోవాలంతే. రెండోది జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే యజమాని తన తరఫున వ్యవహరించే అధికారం రాసిచ్చే పత్రం) మీద కొనడం. జీపీఏ రాసినంత మాత్రాన ఆస్తి హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చి చెప్పింది. అయినా "రిజిస్ట్రేషన్ ఖర్చు ఎందుకు, జీపీఏ చేయించుకోండి, అమ్మేటప్పుడు చూద్దాం" అనే సలహా ఇప్పటికీ టీ కొట్టు దగ్గర ఉచితంగా దొరుకుతుంది.

కాగితం చూడటమంటే

"డాక్యుమెంట్లు అన్నీ క్లియర్" అన్నది ఈ రంగంలో నమస్కారం లాంటి మాట, దానికి వేరే అర్థం వెతకక్కర్లేదు. జిరాక్సు సెట్టు చేతికిచ్చాక పని మొదలవుతుంది. మొదట ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో 1983 నుంచి జరిగిన లావాదేవీలు దొరుకుతాయి. సర్వే నంబరుతో ఒకసారి, ప్లాటు నంబరుతో ఒకసారి, డాక్యుమెంట్ నంబరుతో ఒకసారి వెతకాలి, ఎందుకంటే పాత ఎంట్రీల్లో ప్లాటు నంబరు ఉండదు. సర్వే నంబరులో ఉన్న విస్తీర్ణం ఎంత, అందులోంచి ఇప్పటిదాకా అమ్మిన గజాలు మొత్తం ఎంత అని కూడితే కొన్నిసార్లు విచిత్రం బయటపడుతుంది. ఎకరంలో, అంటే 4,840 గజాల్లో, రోడ్లు పోను మూడు వేల గజాలు దాటి ప్లాట్లు రావడం కష్టం. కూడిక ఐదు వేలు దాటిందంటే ఎక్కడో ఒకే జాగను ఇద్దరికి అమ్మారని అర్థం.

ఈ డబుల్ రిజిస్ట్రేషన్ తలనొప్పి వరంగల్ చుట్టుపక్కల ఎక్కువగా ఉండటానికి కారణం ఉంది. 2013లో 42 గ్రామాలను నగరపాలక సంస్థలో కలిపారు. అంతకుముందు ఆ గ్రామాల్లో పంచాయతీ సంతకంతో వేసిన లేఅవుట్లు కోకొల్లలు. తెల్ల కాగితం మీద స్కేలుతో గీసిన గీతలే ప్లాన్. అందులో ఉత్తరం హద్దు '30 ఫీట్ల రోడ్డు' అని ఉంటుంది. వెళ్లి టేపు పట్టి కొలిస్తే పద్దెనిమిది అడుగులే ఉంటుంది. మిగతా పన్నెండడుగుల్లో ఒకరి ప్రహరీ, ఇంకొకరి మెట్లు. డాక్యుమెంట్ కొలతలు, నేల మీద కొలతలు, పక్క ప్లాటువాళ్ల డాక్యుమెంట్‌లో రాసిన హద్దులు, ఈ మూడూ కలవాలి. పక్కవాళ్ల కాగితంలో మీరు కొనబోయే వైపు హద్దుగా 'ప్లాటు నంబరు 42' అని కాకుండా 'నాలా' (వాననీటి కాలువ) అని రాసి ఉంటే అక్కడే ఆగిపోవాలి. పక్కవాళ్ల డాక్యుమెంట్ చూడటానికి వాళ్లను అడగాల్సిన పని కూడా లేదు, సర్టిఫైడ్ కాపీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దొరుకుతుంది.

కుడా అనుమతి ఉన్న లేఅవుట్ అన్నా ఒక అడుగు ముందుకెళ్లి చూడాలి. అనుమతి మొదట తాత్కాలికంగా వస్తుంది. రోడ్లు, డ్రైనేజీ, కరెంటు పూర్తి చేస్తారన్న హామీగా వెంచర్ యజమాని కొంత భాగం ప్లాట్లను ఆ సంస్థకే తనఖా పెట్టాలి. పనులు పూర్తయి ఫైనల్ లేఅవుట్ వచ్చాకే అవి విడుదలవుతాయి. వెంచర్ చివర్లో ఉన్న ప్లాట్లు "మీకోసం గజానికి వెయ్యి తక్కువ" అని వస్తే అవి తనఖాలో ఉన్నవేమో మంజూరు ప్లానులో చూసుకోవడం మంచిది. ఆ నంబర్లు ప్లానులోనే రాసి ఉంటాయి. 500 చదరపు మీటర్లు దాటిన, లేదా ఎనిమిదికి మించి యూనిట్లున్న ప్రాజెక్టులు రెరాలో, అంటే స్థిరాస్తి నియంత్రణ సంస్థలో, నమోదు కావాలి. మధ్యవర్తికీ రెరా నమోదు ఉండాలి. రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదని ఆ చట్టమే చెబుతోంది. 'ప్రీలాంచ్' పేరుతో, అంటే అనుమతులు రాకముందే, మొత్తం డబ్బు ఒకేసారి కట్టించుకునే పథకాలకు ఈ ఒక్క నిబంధనే సమాధానం.

అసైన్డ్ భూములు, చెరువు శిఖం (చెరువు నీళ్లు నిలిచే నేల), వక్ఫ్, దేవాదాయ భూములు రిజిస్ట్రేషన్ చేయకూడని 22ఏ నిషేధిత జాబితాలో ఉంటాయి. జాబితాలో లేదు కాబట్టి సరిపోయిందనుకోకూడదు, పాత పహాణీల్లో (గ్రామ భూరికార్డుల్లో) ఆ సర్వే నంబరు ఎదురుగా ఏం రాసి ఉందో చూడాలి. పేదలకిచ్చిన అసైన్డ్ భూమిని కొనడం 1977 చట్టం ప్రకారం చెల్లదు, ఎన్ని చేతులు మారినా చెల్లదు. ఫామ్ ప్లాట్ల పేరుతో గుంట, రెండు గుంటల చొప్పున అమ్మేవి ఇంకో రకం. గుంటంటే 121 గజాలు. పాసుపుస్తకం వస్తుందని ఆశ పెడతారు. ఆ జాగలో ఇల్లు కట్టడానికి అనుమతి రాదు, బ్యాంకు లోను రాదు. అంటే రేపు కొనే మనిషిగా ఇల్లు కట్టుకునేవాడు ఎప్పటికీ రాడు.

వానాకాలంలో ఒకసారి

వెంచర్ల వాళ్లు సైట్ విజిట్‌కు ఎండాకాలంలో, ఉగాది ముందు తీసుకెళ్తారు. జూలై ఆఖరులో ఒకసారి సొంతంగా వెళ్లి చూస్తే జాగ వేరేలా కనిపిస్తుంది. కాకతీయుల కాలం నుంచీ ఇది గొలుసుకట్టు చెరువుల నేల. పైచెరువు నిండితే అలుగు పారి కింది చెరువుకు వెళ్లాలి. ఆ దారిలో కాలనీలు వచ్చాయి. నీళ్లు మాత్రం దారి మరిచిపోలేదు. 2020 ఆగస్టులో నయీంనగర్ నాలా పొంగి హనుమకొండ మునిగింది. 2023 జూలైలో భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. హంటర్ రోడ్డు చుట్టుపక్కల కాలనీల్లో పడవలు తిరిగాయి. మంచి ధర పలికే ఏరియాలే అవన్నీ.

పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు పూర్తి నీటిమట్టం గీత నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువులకు 9 మీటర్లు బఫర్‌గా వదలాలి. పది మీటర్లకు మించి వెడల్పున్న నాలాలకూ 9 మీటర్లే. ప్లాటు ఆ గీతకు ఎంత దూరమో ఇరిగేషన్ వాళ్ల మ్యాపు చెబుతుంది, ఆ చుట్టుపక్కల ఇరవై ఏళ్లుగా ఉంటున్న ముసలమ్మ ఇంకా కచ్చితంగా చెబుతుంది. హైదరాబాద్‌లో 2024లో చెరువుల ఆక్రమణల మీద హైడ్రా సంస్థ కూల్చివేతలు మొదలయ్యాక వరంగల్‌లోనూ కొనేవాళ్లు ఈ ప్రశ్న ముందే అడుగుతున్నారు. చెరువు పక్క ప్లాటును 'లేక్ వ్యూ' అని అమ్మిన రోజులు పోయాయి.

మామునూరు వైపు కొనేవాళ్లు గమనించాల్సింది మరొకటి. ఎయిర్‌పోర్టు దగ్గర్లో కట్టే భవనాల ఎత్తుకు పరిమితులుంటాయి, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ అనుమతి కావాల్సి వస్తుంది. రన్‌వేకు ఆనుకుని ఉండటం కంటే, ఎయిర్‌పోర్టుకు వెళ్లే ప్రధాన రోడ్డుకు దగ్గర్లో ఉండటమే అమ్మకానికి అనువు.

నియమాలు మారినప్పుడు

2020 సంవత్సరం ఈ రంగంలో ఉన్నవాళ్లెవరూ మరిచిపోరు. ఆగస్టు 26న అనుమతి లేని లేఅవుట్లలో ప్లాట్ల రిజిస్ట్రేషన్లు ఆపేశారు. సెప్టెంబరు 8 నుంచి రాష్ట్రమంతటా మొత్తం రిజిస్ట్రేషన్లే ఆగిపోయాయి. అక్టోబరు 29న ధరణి అనే భూరికార్డుల పోర్టల్ వచ్చి వ్యవసాయ భూములకు తెరుచుకుంది. ఇళ్లు, ప్లాట్ల రిజిస్ట్రేషన్ల కోసం డిసెంబరు దాకా ఎదురుచూడాల్సి వచ్చింది. ఆ మూడు నెలల్లో గడువు తీరిన అగ్రిమెంట్ల మీద పంచాయితీలు ఊరూరా జరిగాయి. సంవత్సరం ఆఖరులో, అప్పటికే ఒకసారి రిజిస్ట్రేషన్ అయిన పాత ప్లాట్లకు వెసులుబాటు ఇచ్చారు. అదే ఏడాది అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లను క్రమబద్ధీకరించే పథకమైన ఎల్‌ఆర్‌ఎస్‌కు వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు చేసుకున్నవాళ్లు రాష్ట్రంలో 25 లక్షల పైచిలుకు. ఆ దరఖాస్తులు ఏళ్లపాటు కదల్లేదు. 2025లో 25 శాతం రాయితీ ప్రకటించాక మళ్లీ చలనం వచ్చింది. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది.

ఇంత జరిగాక నిలదొక్కుకున్న చిన్న పెట్టుబడిదారులను గమనిస్తే ఒక పోలిక ఉంది. వాళ్లు నియమం మారిన వెంటనే దానికి తగ్గట్టు తమ జాగను సరిచేసుకున్నారు. ఎల్‌ఆర్‌ఎస్ ఫీజుతో పాటు ఖాళీ స్థలం చార్జీగా విలువలో 14 శాతం కట్టాలంటే ఎవరికైనా బాధే. కానీ కట్టిన ప్లాటుకు ఇంటి పర్మిషన్ వస్తుంది, లోను వస్తుంది. కట్టని ప్లాటు అమ్మాలంటే ఆ 14 శాతానికి మించే తగ్గించి అమ్మాలి, అదీ దొరికితే. మాఫీ వస్తుందని ఎదురుచూసినవాళ్లకు ఐదేళ్ల కాలం పోయింది. ఆ కాలానికి వడ్డీ కడితే రాయితీ ఏ మూలకూ రాదు.

చిన్న జాగల విషయంలో ఒక మార్పు మేలే చేసింది. 2020 నవంబరులో వచ్చిన బీపాస్ అనే ఆన్‌లైన్ భవన అనుమతుల విధానంలో 75 గజాల లోపు ఇంటికి పర్మిషన్ అవసరం లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల దాకా, పది మీటర్ల ఎత్తు లోపు ఇళ్లకు స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి. దాంతో రంగశాయిపేట, కరీమాబాద్ లాంటి పాత వరంగల్ బస్తీల్లో ఒకప్పుడు ఎవరూ పట్టించుకోని చిన్న ముక్కలు కూడా కట్టి అమ్మడానికి పనికొచ్చేవయ్యాయి. వార్తల్లో ఎప్పుడూ రాని మార్పు ఇది. హైవే వెంచర్‌లో నూటయాభై గజాలకు పెట్టే డబ్బుతో ఊళ్లో ఎనభై గజాల పాత రేకుల ఇల్లు దొరికితే, చాలామంది మొదటిదే ఎంచుకుంటారు, బ్రోచరు బాగుంటుంది కాబట్టి. అమ్మాల్సి వచ్చినప్పుడు ముందు పోయేది రెండోది.

కిరాయి వైపు

ప్లాటు నెలకు రూపాయి కూడా తేదు. పైగా కంప చెట్లు కొట్టించడం, హద్దురాళ్లు కదిలాయేమో చూసుకోవడం. ఇల్లయితే కిరాయి వస్తుంది. కానీ ఆ వచ్చేది ఇంటి విలువలో ఏడాదికి రెండు మూడు శాతం దాటడం అరుదు. యాభై లక్షల ఇంటికి పది పన్నెండు వేల కిరాయి. లోను మీద కొంటే ఈఎంఐలో మూడో వంతుకు కూడా రాదు. కాబట్టి కిరాయి కోసం ఇండిపెండెంట్ ఇల్లు కొనడం ఇక్కడ లెక్కకు నిలవదు.

లెక్క కుదిరేది పోర్షన్లలో, గదుల్లో. హనుమకొండకు ఒక ప్రత్యేకత ఉంది. నిట్, కాకతీయ యూనివర్సిటీ, జూనియర్ కాలేజీలు, కోచింగ్ సెంటర్లు అన్నీ ఇక్కడే. పరకాల, నర్సంపేట, ములుగు, మహబూబాబాద్ నుంచి పిల్లల చదువుకోసం వచ్చి ఉండే కుటుంబాలకు లోటు లేదు. ఎయిర్‌పోర్టు వచ్చినా రాకపోయినా జూన్‌లో గదులు నిండుతాయి. సొంత ఇంటి మీద ఇంకో అంతస్తు వేసి రెండు పోర్షన్లు చేసినవాడికి జాగ ఖర్చు లేదు, పెట్టినది కట్టడం ఖర్చే. ఆ డబ్బుకు ఆరేడు శాతం దాకా కిరాయి రావొచ్చు. కిరాయి ఆదాయంలో 30 శాతాన్ని మరమ్మతుల కింద లెక్క చూపకుండానే మినహాయించుకునే వీలు ఆదాయపు పన్నులో ఉంది. పెట్టుబడి అనగానే ఊరవతల చూసేవాళ్లు సొంత డాబా వైపు చూడకపోవడం వింతే.

దీనిలోనూ చికాకులున్నాయి. ఏప్రిల్, మే నెలల్లో గదులు ఖాళీ. నీటి మోటారు, కరెంటు సబ్ మీటరు గొడవలు. బ్యాచిలర్లకు ఇస్తే పక్కింటివాళ్ల ఫిర్యాదు, ఫ్యామిలీకి ఇస్తే కిరాయి తక్కువ. పదకొండు నెలల అగ్రిమెంట్ రాసుకుని, ప్రతి ఏడాదీ మార్చుకోవడం మంచిది. 

రామగుండం, మంచిర్యాల లాంటి సింగరేణి, ఎన్టీపీసీ ఊళ్లలో కిరాయి లెక్క వేరు. అక్కడ గిరాకీ ఉద్యోగాల సంఖ్య మీద ఆధారపడుతుంది. కొత్త యూనిట్ కట్టే నాలుగైదేళ్లు కాంట్రాక్టు ఇంజినీర్లతో కిరాయిలు పెరుగుతాయి, కట్టడం పూర్తయ్యాక పడిపోతాయి. ఆ పెరిగిన కిరాయిని చూసి ఇల్లు కొంటే పడిపోయే సమయానికి చేతికొస్తుంది. కరీంనగర్‌కు ఈ ఎగుడుదిగుడు తక్కువ, ధరలు మాత్రం ఎక్కువ.

ఇక అమ్మకం. కొనేటప్పుడు నెలలు తిరిగి బేరమాడినవాళ్లు అమ్మేటప్పుడు పక్క ప్లాటుకు 'చెబుతున్న' ధరను పట్టుకుని కూర్చుంటారు. చెప్పే ధర వేరు, తెగే ధర వేరు. తెగిన ధర ఎంతో తెలియాలంటే అదే కాలనీలో గత ఆరు నెలల్లో ఎన్ని రిజిస్ట్రేషన్లు జరిగాయో ఈసీలో చూడాలి, కొన్నవాళ్లలో ఇల్లు మొదలుపెట్టినవాళ్లు ఎందరో వెళ్లి చూడాలి. ఆరు నెలల్లో ఒక్కటీ జరగకపోతే అక్కడ ధర అనేదే లేదు, కోరిక మాత్రమే ఉంది. అమ్మకానికి పెట్టేముందే ఎల్‌ఆర్‌ఎస్ రసీదు, లింకు డాక్యుమెంట్ల (పాత యజమానుల పత్రాల) సర్టిఫైడ్ కాపీలు, తాజా ఈసీ, ఖాళీ స్థలం పన్ను కట్టిన చలానా ఒక ఫైలులో సిద్ధంగా ఉంచుకుంటే, లోనుతో కొనే ఉద్యోగి బ్యాంకు లాయరు దగ్గర నెల రోజులు తిరగక్కర్లేదు. అలాంటి కొనుగోలుదారు గజానికి రెండు మూడు వందలు ఎక్కువైనా ఇస్తాడు. ధర యాభై లక్షలు, అంతకు మించితే అతను ఒక శాతం టీడీఎస్ (అమ్మేవాడి తరఫున ముందే ప్రభుత్వానికి కట్టే పన్ను) కోసి మిగతాది ఇస్తాడు, అది మోసం కాదని ముందే తెలిసి ఉంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు వరండాలో గొడవ జరగదు.